మా అత్తమ్మ వడిసెల

పోయిన సెప్టెంబర్‌లో మా పాపకి బడిలో ఉపన్యాస పోటీ పెట్టారు. సెప్టెంబర్ 17 గురించి మాట్లాడాలి. తొమ్మిదో తరగతి పిల్ల, తెలుగులో ఐదు నిమిషాలు తడబడకుండా మాట్లాడాలంటే దానికి చెమటలే. "అమ్మా, నువ్వు బీఏ తెలుగు కదా, రాసియ్యవా" అని నా కొంగు పట్టుకుని తిరిగింది. సరే అని రాత్రి గిన్నెలు కడుక్కున్నాక కూర్చుని రాశాను. సాయుధ పోరాటం, రజాకార్లు, వీరనారులు, అన్నీ వచ్చాయి. ఆడవాళ్లు వడిసెలలు తిప్పి రాళ్ల వాన కురిపించారని ఓ వాక్యం రాసి, బాగా వచ్చిందే అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

మర్నాడు పాప వరండాలో నిలబడి గట్టిగా చదువుతోంది. మా అత్తమ్మ అక్కడే కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. వడిసెల మాట దగ్గరికి రాగానే ఆమె చెయ్యి ఆగింది.

"ఒడిసెలనా? గది ఎవలు రాసిండ్రు?"

"అమ్మ రాసింది నానమ్మా."

"మరి పిట్టల సంగతి రాయలేదా?"

నాకు అర్థం కాలేదు. పిట్టలేంటి అత్తమ్మా అన్నాను. ఆమె చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టి, "మేం కొట్లాటకు పేనలేదు బిడ్డా, పిట్టలకు పేనినం. నేను ఎనిమిదేండ్ల పిల్లప్పటి సంది ఒడిసెల తిప్పిన" అంది.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఆమె చేసే జొన్నరొట్టె తెలుసు, సకినాల చుట్టు తెలుసు, కోపం వస్తే ఏ గిన్నె ముందు చప్పుడవుతుందో తెలుసు. ఈ సంగతి మాత్రం ఆ రోజు దాకా తెలియదు.

చూడని వాళ్ల కోసం ముందు వడిసెల అంటే ఏంటో చెప్తాను. రెండు తాళ్లు, వాటి నడుమ రాయి పట్టేంత చిన్న జోలె. ఒక తాడు చివర ఉచ్చు ఉంటుంది, అది వేలికి తొడుక్కోవాలి. రెండో తాడు చివర ముడి, దాన్ని బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య బిగించి పట్టుకోవాలి. జోలెలో రాయి పెట్టి తల మీద ఒకటి రెండు చుట్లు తిప్పి, సరైన క్షణంలో ముడి వదిలేస్తే రాయి దూసుకుపోతుంది. మన చెయ్యి ఎంత పొడవుంటే విసురు అంత. వడిసెల ఆ చేతినే ఇంకో రెండు మూరలు పొడిగిస్తుంది. కిటుకంతా అంతే. తెలుగులో "వడి" అంటే వేగం. "వడిపెట్టు" అంటే మెలిపెట్టడం, పురి పెట్టడం. వడిసెల అన్న మాటలో నా చెవికి ఈ రెండూ వినిపిస్తాయి. పురి పెట్టకపోతే తాడు లేదు, వేగం లేకపోతే దెబ్బ లేదు.

మా అత్తమ్మ పుట్టిల్లు కామారెడ్డి దిక్కు, గుట్టల కింద ఓ చిన్న ఊరు. అన్నీ చెల్కలే. వాన పడితే పంట, లేకపోతే లేదు. జొన్నే తిండి, జొన్న చొప్పే పశువులకి మేత. జొన్న కంకి పాలు పోసుకున్న దగ్గర్నుంచి గింజ గట్టిపడే దాకా మూడు నాలుగు వారాలు పిట్టలతో యుద్ధమే. పిచ్చుకలు, గోరింకలు గింజలు ఏరుకు తింటాయి. రామచిలుకలు తినేది కొంచెం, కొరికి కింద పడేసేది ఎక్కువ. చలికాలంలో దూరదేశాల నుంచి గులాబి రంగు గోరింకలు గుంపులుగా వచ్చి వాలితే, ఒక్క పొద్దులో చేను ఖాళీ అవుతుంది.

అందుకే చేను నడుమ నాలుగు గుంజలు పాతి మంచె వేసేవారు. దాని మీద కావలి పిల్లలుండేవారు. పెద్దవాళ్లకి కూలి పనులుంటాయి కాబట్టి పిట్టల కావలి పిల్లల పని, ఎక్కువగా ఆడపిల్లల పని. చీకటితో లేచి, రాత్రి మిగిలిన రొట్టె మూటగట్టుకుని, పిట్టలు చెట్లు దిగే లోపలే మంచె ఎక్కాలి. ఎండెక్కాక పిట్టలు నీడకి పోతాయి, అప్పుడు కాస్త విడుపు. మళ్లీ పొద్దు వాలే వేళ నుంచి చీకటి పడేదాకా కావలి.

"రాయి ప్రతిసారీ పెట్టేది గాదు" అని చెప్పింది. ఊరికే తిప్పి జాడించి లాగితే తాడు చివర కుచ్చు టప్పుమని పేలుతుందట. సగం పిట్టలు ఆ చప్పుడుకే లేచిపోయేవట. మొండి గుంపులు దిగినప్పుడే ఉండ వేసేవాళ్లు. అదీ రాయి కాదు, ఎండబెట్టిన మట్టి ఉండ. రాళ్లయితే చేనంతా పరుచుకుని, కోతలప్పుడు కొడవలి నోళ్లు పోతాయి. కాళ్లకి గుచ్చుకుంటాయి. మట్టి ఉండ పగిలి మట్టిలో కలుస్తుంది. వేసవిలో కుంట అడుగున మెత్తటి మట్టి తెచ్చి, నిమ్మకాయంత ఉండలు చేసి, గంపల కొద్దీ ఎండబెట్టేవారట.

ఇదంతా ఆమె నవ్వుతూనే చెప్పింది. నేనే ఉత్సాహం ఆపుకోలేక, "అయితే మీరూ వీరనారే అత్తమ్మా" అన్నాను. ఆమె నవ్వు ఆగింది.

"మంచె మీదికి బడి గంట ఇనవడేది. మా తమ్ముడు పోయెటోడు."

అంతే అంది. పళ్లెం మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

ఆమెకి సంతకం పెట్టడం వచ్చు. అది కూడా మా పెద్దాడబిడ్డ పెద్దయ్యాక నేర్పిందట. బస్సు మీద బోర్డు చదవలేదు. ఇన్నేళ్లూ ఆ కాలం అలాంటిది అనుకున్నానే తప్ప, ఆ బడి ఎంత దూరంలో ఉందని ఏనాడూ అడగలేదు. అది గంట వినపడేంత దూరంలోనే ఉంది.

ఆ రాత్రి నా ఉపన్యాసం మళ్లీ తీశాను. అందులో రాసింది అబద్ధమేమీ కాదు. 1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకి నేలకొరిగాక, నల్లగొండ, వరంగల్ పల్లెల్లో జనం చేతికందిన దానితో ఎదురు తిరిగారు. దొరల గూండాలు, రజాకార్లు, నిజాం పోలీసులు ఊరి మీదికొస్తే మగవాళ్లు కర్రలు, వడిసెలలు పట్టారు. ఆడవాళ్లు రోకళ్లు, కారంపొడి పట్టుకుని నిలబడ్డారు, వడిసెల రాళ్లూ రువ్వారు. తుపాకులు చేతికి రావడం తర్వాతి మాట. 1951 అక్టోబర్‌లో విరమించే దాకా ఐదేళ్లు సాగిన ఆ పోరాటంలో ఆడవాళ్లు ఏం చేశారో వాళ్ల నోటనే చెప్పించి, స్త్రీశక్తి సంఘటన వారు 1986లో "మనకు తెలియని మన చరిత్ర" అని పుస్తకం వేశారు. 2022లో కన్నుమూసిన మల్లు స్వరాజ్యం గారిని తలుచుకోగానే చాలామందికి తుపాకీతో పాటు వడిసెల కూడా గుర్తొస్తుంది.

మా నిజామాబాద్ ఆ పోరాటానికి నడిబొడ్డు కాదు. అయినా దాని నీడ ఇక్కడా పడింది. దాశరథి కృష్ణమాచార్య గారిని, వట్టికోట ఆళ్వారుస్వామి గారిని బంధించింది మన ఇందూరు ఖిల్లా జైల్లోనే. దాశరథి గారు ఆ గోడల మీద బొగ్గుతో పద్యాలు రాసిన సంగతి ఊళ్లో అందరికీ తెలుసు.

ఇవన్నీ నాకు ముందే తెలుసు. అత్తమ్మ అడిగాక తట్టింది వేరే ప్రశ్న. ఆ పల్లెల్లో జనానికి వడిసెల తిప్పడం ఎవరు నేర్పారు? ఏ దళమూ శిక్షణ ఇవ్వక ముందే వాళ్లకి ఆ గురి ఎక్కడిది? మంచె మీదిది. జొన్నచేను కాచిన చేతికే ఆ రాయి దొరికింది. చిలకల మీదికి వేసిన చెయ్యే అవసరమొచ్చినప్పుడు దొర మనిషి మీదికి వేసింది. మనం యుద్ధం రోజు నుంచి కథ మొదలుపెట్టి, అంతకు ముందు మంచె మీద గడిచిన పొద్దుల్ని వదిలేస్తాం.

ప్రపంచమంతా ఇదే వరస అని చదువుతుంటే తెలిసింది. ఈజిప్టులో టూటన్‌ఖామున్ సమాధిని 1922లో తెరిచినప్పుడు బంగారంతో పాటు నారతో సన్నగా అల్లిన వడిసెలలు కూడా దొరికాయి. మూడు వేల ఏళ్లకి పైబడిన అల్లిక అది! బైబిల్లో గొల్యాతుని పడగొట్టిన దావీదు గొర్రెల కాపరి పిల్లవాడు. తెలుగు బైబిల్లో అతని చేతిలో ఉన్నది వడిసెలే. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల మీద లామాల్ని కాచేవాళ్లు ఈనాటికీ ఉన్నితో రంగురంగుల వడిసెలలు అల్లుతారు. వాళ్లే ఒకప్పుడు వాటితో స్పెయిన్ సైన్యాన్ని ఎదిరించారు. స్పెయిన్ పక్కనున్న బలేరిక్ దీవుల వాళ్లు వడిసెలలో ఎంత ఘనులంటే, పెద్ద పెద్ద సైన్యాలు జీతమిచ్చి పెట్టుకునేవి. అక్కడ తల్లి రొట్టెని గురిగా పెట్టి, దాన్ని రాయితో కొట్టే దాకా పిల్లాడికి తిననిచ్చేది కాదని పాత గ్రీకు, రోమన్ రచయితలు రాశారు. ఇది మా అత్తమ్మకి చెప్తే, "రొట్టె ఎక్కడవోతది, పిలగాడు పస్తుండడా, ఏం తల్లి ఆమె?" అంది.

మరి ఇంత పాత వస్తువు మన బోధన్ వైపు ఎలా మాయమైంది? ఎవరూ నిషేధించలేదు. నీళ్లొచ్చాయి, అంతే. 1923లో మొదలుపెట్టి 1931కి మంజీర మీద నిజాంసాగర్ కట్టారు. రెండు లక్షల ఎకరాలకు పైగా తడిసింది. కాలవ వెంటే వరి, చెరుకు వచ్చాయి. ఆ చెరుకు కోసం 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఆసియాలోకెల్లా పెద్దదని ఒకప్పుడు దానికి పేరు. కాలవ పారిన ఊళ్లలో జొన్న వెనక్కి జరిగింది. చెరుకు తోటకి పిట్టల భయం లేదు. పందులు, నక్కలు వస్తాయి, అవీ రాత్రిపూట. వాటికి కుక్కలు, మంటలు కావాలి గానీ వడిసెల ఎందుకు?

మా అత్తమ్మ పదహారేళ్లకి, 1960ల మొదట్లో, చెల్కల ఊరి నుంచి ఈ కాలవ ఊరికి కోడలిగా వచ్చింది. ఆ ఒక్క ప్రయాణంలో ఆమె జొన్న లోకం దాటి చెరుకు లోకంలో పడింది. ఇక్కడి ఆడవాళ్లు ఆమెని "చెల్కల పిల్ల" అని ఎగతాళి చేసేవారట. మంచె ఎక్కిన సంగతి, వడిసెల తిప్పిన సంగతి తెలిస్తే ఇంకా నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. అలా చెప్పకపోవడం అరవై ఏళ్లు సాగింది. ఈలోగా ఫ్యాక్టరీ కూడా 2015 డిసెంబర్‌లో మూతపడింది. చెరుకు బండ్ల వరసలు చూసిన వాళ్లు ఇప్పుడు ఆ సంగతి కథలా చెప్పుకుంటున్నారు.

ఇక వడిసెల చేసిన కథ. "నాకు నేర్పండి" అని నేనే అడిగాను. మొదట "నీకేం పని లేదా" అని కసిరింది. రెండ్రోజులాగి తనే పెరట్లోకి వెళ్లి పుంటికూర మడి చూసొచ్చింది. "ఆకు తెంపకు. పెరగనియ్యి" అంది. జనుము నార, గోగునార రెండూ వడిసెలకి పనికొస్తాయట. మనం పప్పులో వేసుకునే పుంటికూర గోగు జాతిదే. ఆకు తెంపకుండా వదిలేస్తే మనిషెత్తు పెరుగుతుంది. పూత దశలో కోస్తే నార మెత్తగా, గట్టిగా ఉంటుంది. ముదిరితే పెళుసు.

నవంబర్‌లో పాతిక కట్టెలు కోసి, ఊళ్లో అయితే కుంటలో వేసేవాళ్లు గానీ మాకు కుంటెక్కడిది, డాబా మీద ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్లు పోసి, పైన రాయి పెట్టి ముంచాం. వారం తిరిగేసరికి వాసన! మా ఆయన డాబా మీదికి రావడం మానేశారు. పక్కింటి వాళ్లు సెప్టిక్ ట్యాంకు చూపించుకోమన్నారు. అత్తమ్మ మాత్రం రోజూ చెయ్యి పెట్టి బెరడు గిల్లి చూసేది. పదహారో రోజున, "ఇగ తియ్యి" అంది. తక్కువ నానితే బెరడు ఊడదు, ఎక్కువ నానితే నార కుళ్లుతుంది. ఆ రోజు ఏదో ఆమె వేలికే తెలిసింది. మొదలు దగ్గర పట్టుకుని లాగితే నార పట్టీలా ఊడొచ్చింది. బండ మీద మెల్లగా కొట్టి, నాలుగు నీళ్లలో జాడించి, నీడలో ఆరేస్తే తెల్లటి వెంట్రుకల కుచ్చులా తయారైంది.

నా మొదటి వడిసెల ఘోరం. నారని పొడిగానే పేనాను. పోగులు లేచిపోయాయి. నార అయిపోయిన చోట రెండు పాయలకీ ఒకేచోట కొత్త నార కలిపాను. ఒక్క ఊపుకే అక్కడ పుటుక్కుమంది. జోలె లోతు చాలక రాయి వెనక్కి పడి తులసికోట అంచు పగిలింది.

ఆమె తిట్టలేదు. తాడు చేతిలోకి తీసుకుని పురి విప్పి ఒక్కో తప్పూ చూపించింది. నారని తడి చేత్తో పేనాలి. తొడ మీద రెండు పాయలనీ ఒక దిక్కుకి పురి పెట్టి, రెంటినీ కలిపేటప్పుడు ఎదురు దిక్కుకి తిప్పాలి. అప్పుడే ఒకదాని పురి ఇంకోదాన్ని పట్టుకుని విడిపోకుండా ఉంటుంది. కొత్త నార ఎప్పుడూ ఒక పాయలోనే కలపాలి, జానెడు దూరం పోయాక రెండో పాయలో. అలా పేనిన సన్నతాళ్లు నాలుగు తీసుకుని జడలా అల్లాలి. మూడు పాయల జడ బల్లపరుపుగా వస్తుంది. నాలుగు పాయలది గుండ్రంగా వచ్చి చేతిలోంచి జారేటప్పుడు తట్టుకోదు. నడుమకి వచ్చేసరికి పాయల్ని విడదీసి, ఇంకో దారం అడ్డంగా నేస్తూ అరచేతి వెడల్పున జోలె చేయాలి. రెండు అంచులూ కాస్త బిగించి నేస్తే దొప్పలా లోతు వస్తుంది. తర్వాత పాయల్ని మళ్లీ కలిపి రెండో తాడు. మధ్యకి మడిస్తే రెండు తాళ్లూ సమానంగా రావాలి. వేలెడు తేడా ఉన్నా రాయి పక్కకి పోతుంది.

పాప జడ రోజూ వేసే చేతులే కదా నావి, అనుకున్నా గానీ రెండోది కూడా ఆమెకి నచ్చలేదు. మూడోది కొంచెం నయమంది. నాలుగోది అల్లుతుంటే ఆమే లాక్కుని పూర్తి చేసింది. ఈమధ్య ఆమె వేళ్లు చాయ్ కప్పు పట్టుకున్నా వణుకుతాయి. జోలె నేస్తుంటే వణకలేదు అని రాయాలని ఉంది. కానీ వణికాయి. వణుకుతూనే నేసింది.

జనవరిలో ఆర్మూర్ దగ్గర చుట్టాలింటికి వెళ్లాం. అటువైపు, బాల్కొండ వైపు, యాసంగిలో ఎర్రజొన్న వేస్తారు, విత్తనం కోసం. చేను మీద మెరుపు రిబ్బన్లు కట్టారు, పాత చీరలు కట్టారు. ఎక్కడో స్పీకర్లో చప్పుడు కూడా పెట్టారు. చిలకలు వాటి మీదే వాలి ఉన్నాయి. అత్తమ్మ కారు ఆపమంది. సంచిలోంచి వడిసెల తీసింది. తెచ్చిందని మాకెవరికీ తెలియదు.

రాయి పెట్టలేదు. గట్టు మీద నిలబడి ఒక చుట్టు తిప్పింది, చప్పుడు రాలేదు. మళ్లీ తిప్పింది, రాలేదు. మూడోసారి టప్పుమంది. చిలకలన్నీ ఒక్కసారిగా లేచాయి. పాప చప్పట్లు కొట్టింది. చుట్టం కోడలు "అబ్బ, మీకు గిది వచ్చా పెద్దమ్మా!" అంది. ఆమె మొహంలో ఆ క్షణం గర్వమే కనిపించింది, నిజం చెప్పాలి. కారెక్కాక మాత్రం వడిసెలని చుట్టి పాప చేతిలో పెట్టి, "ఆడుకో. గని బడి మానకు" అంది.

పోటీలో పాపకి రెండో బహుమతి వచ్చింది. ఆ వాక్యం నేను తీసెయ్యలేదు, ముందు ఇంకో నాలుగు వాక్యాలు చేర్చాను: మంచె, చిలకలు, మట్టి ఉండలు, బడి గంట. ఆ గంట దగ్గర పాప గొంతు కాస్త తడబడిందట. టీచర్ అక్కడే మార్కు తగ్గించిందేమో అని దాని బాధ.

ఇప్పుడు ఆ నాలుగో వడిసెల మా ముందుగదిలో మేకుకి వేలాడుతోంది. వచ్చినవాళ్లు అడిగితే అత్తమ్మే చెప్తోంది, ఇక దాచట్లేదు. సాయంత్రాలు పాప ఆమెకి అక్షరాలు దిద్దిస్తోంది. "వ" దగ్గర ఉన్నారు. "వ" అంటే వడిసెల అని రాసిచ్చాను.

మీ ఇళ్లలో పెద్దవాళ్లుంటే ఒకసారి అడగండి. మంచె ఎక్కారా, వడిసెల ఏ నారతో పేనేవారు, మీ ఊళ్లో దాన్ని ఏమనేవారు అని. దాంతో పాటు బడి ఎంత దూరంలో ఉండేదని కూడా అడగండి.